కదిలితే రద్దు

నేను పెంచి చెబుతాను. ముందే ఒప్పుకుంటే తర్వాత గొడవ ఉండదు. మా ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు, దానికి తగ్గ ఏర్పాట్లు కూడా ఉన్నాయి. వీధిలో వందమంది పోగయ్యారని నేనంటే మా ఆవిడ పాతికమంది అనుకుంటుంది. పెరట్లో బారెడు పాము కనిపించిందంటే చీపురు తీసుకుని జెర్రి కోసం వెతుకుతుంది. మామిడికాయలు కాటా వేసేటప్పుడు తొడిమకీ కుళ్లుకీ ఇంతని తరుగు తీసేస్తారు చూడండి, నా మాటలకూ అట్లా తరుగు తీసుకుని చదువుకోండి. ఒక్క చోట మాత్రం తరుగు చాలదు. అదెక్కడో చివర్లో నేనే చెబుతాను.

చిత్తూరులో మా మేడమీది గదిలో కూర్చుని బెంగళూరు కంపెనీ ఒకదానికి ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం. అభిప్రాయాలు చెప్పడం నా అసలు పని. నలభై ఎనిమిదేళ్లు వచ్చేసరికి మోకాళ్లలో నొప్పీ, నోట్లో అభిప్రాయాలూ ఒకేసారి మొదలయ్యాయి. స్పీడ్‌బ్రేకర్ ఎంత ఎత్తుండాలి, టోల్‌గేటు ఎక్కడ ఉండకూడదు, బస్టాండు ఊరి లోపల ఉండాలా బయట ఉండాలా, పెట్రోలు బండ్లు ఎప్పటికి మానెయ్యాలి, అన్నిటికీ జవాబు సిద్ధంగా ఉంటుంది. అడిగేవాళ్లు దొరకడమే కష్టం. దొరక్కపోతే కాలు నిలవదు. గదిలో ఆ గోడకూ ఈ గోడకూ నేను నడిచిన నడకంతా కలిపితే కాశీకి పోయి రావచ్చు, తిరుగు ప్రయాణంలో గయ కూడా చూడవచ్చు.

పెట్రోలు మీద నా ఉపన్యాసాలు విన్నవాళ్లు మరీ ఎక్కువైపోవడంతో, మాట నిలుపుకోవడానికి కరెంటు స్కూటర్ కొనక తప్పలేదు. షోరూంలో చెప్పినంత దూరం అది పోదు. నేను చెప్పినంత దూరం అసలే పోదు. దాని మీద కూర్చున్నాక మనిషి రోడ్డు చూడడు, చార్జి అంకె చూస్తాడు. డెబ్బై అరవై అయితే గొంతు ఎండుతుంది. ముప్పై ఇరవై అయితే దేవుళ్లు గుర్తుకొస్తారు.

ఇక ప్రజల విషయంలో నా సిద్ధాంతం చాలా గట్టిది. తిరుమల ఘాట్ రోడ్డులో మరీ త్వరగా దిగితే జరిమానా అనే పద్ధతి ఉంది కదా. దానికి మనవాళ్లేం చేస్తారు? గాలిలా దిగి, చివరి మలుపుకు ముందు బండి ఆపి, వేరుసెనక్కాయలు ఒలుచుకు తింటూ టైము గడిపి, ఋషుల్లాగా నిదానంగా గేటు దాటుతారు. నేను కూడా అట్లాగే దాటాను. కాబట్టి మనిషిని నమ్మి నిబంధన రాయకూడదు, వాడు ఎట్లా తప్పించుకుంటాడో ముందే ఊహించి రాయాలి అని నేను తేల్చేశాను.

తేల్చినవాణ్ని నా మానాన నేనుంటే బాగుండేది. పలమనేరులో ఒక పెళ్లిలో, విస్తరి ముందు కూర్చుని ఇదే మొదలుపెట్టాను. ఆ రోజు విషయం మామిడికాయల సీజను. బంగారుపాళ్యం చుట్టూ తోతాపురి కోతకొచ్చిందంటే గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరస కడతాయి. ఒక్కో బండికి మూడేసి రోజులు పడిగాపులు. "శ్రీహరికోటలో రాకెట్టును చెప్పిన సెకనుకు లేపుతాం. తిరుపతిలో మేడెక్కితే ఆ నిప్పు గీత కనిపిస్తుంది. అదే దేశంలో మామిడికాయ గేటు దాటడానికి మూడు రోజులా?" అని లడ్డూ పట్టుకుని నేను అడిగిన అడుగుడుకు ఎదురు వరసలో వడ్డించే ఆయన సాంబారు గరిటెతో అట్లాగే నిలబడిపోయాడు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి చేయి కడుక్కుని వచ్చి, "నువ్వే చెయ్యప్పా. ఉత్తినే మాట్లాడితే ఎట్ల?" అన్నాడు. ఆయన అట్లాంటి ఫ్యాక్టరీ ఒకదానికి మేనేజరు.

చేశాను. రైతు ఫోనులో టోకెన్ వస్తుంది. ఇంట్లోంచే టోకెన్ తీసేసుకుని పడుకునేవాడు ఉంటాడని నాకు తెలుసు కనుక, నాకు చాలా గర్వకారణమైన నిబంధన ఒకటి పెట్టాను. బండి వరసలో ఉన్నంతసేపే టోకెన్ ఉంటుంది. బండి నడిపేవాడి ఫోను ఫ్యాక్టరీకి దూరమైతే టోకెన్ పోతుంది. దానికి నేను పెట్టుకున్న పేరు "కదిలితే రద్దు". ఫ్యాక్టరీ ఆవరణలో రైతులను కూర్చోబెట్టి చెప్పినప్పుడు చివర్లో ఒక మాట విసిరాను. "ఇంక సిఫారసులు చెల్లవు. కంప్యూటర్‌కు బంధువులు ఉండరు." చప్పట్లు కొట్టారు. మొదట కొట్టినవాడు మా బామ్మర్ది. మా ఆవిడకు సొంత తమ్ముడు, అక్కడే తోట ఉంది. నా మాట మీద నమ్మకంతో తన చుట్టుపక్కల రైతులందరి ఫోన్లలోనూ దాన్ని తనే ఎక్కించి పెట్టాడు.

ప్రోగ్రాము మొదలైన మూడోరోజు ఉదయం. కంప్యూటర్‌లో ఒక పక్క బెంగళూరు ఆఫీసు మీటింగు నడుస్తోంది, ఒక పక్క నా టోకెన్ల తెర తెరిచి ఉంది. నిలబడ్డ బండికి పచ్చ చుక్క, రద్దయిన బండికి ఎర్ర చుక్క. తెల్లవారినప్పటి నుంచి ఎర్ర చుక్కలు పెరుగుతున్నాయి. తెర తెరంతా ఆటలమ్మ పోసినట్లయింది. నాకేమో ఒకటే ఆనందం. ఒక్కో ఎర్ర చుక్క ఒక్కో దొంగ. చూశారా, ఎంతమంది టోకెన్ తీసుకుని ఇళ్లకు పోతున్నారో అని లోపల లోపల తొడలు చరుచుకుంటున్నాను. ఫోను మోగుతుంటే పట్టించుకోలేదు.

మా ఆవిడ పైకొచ్చింది. "మా తమ్ముడు మూడుసార్లు ఫోను చేసినాడంట. ఎత్తవేంది?"

ఎత్తాను.

"బావా, నా టోకెన్ రద్దు అంటా ఉండాది."

"నువ్వు లైను వదిలి పోయినావా?"

"పోక ఎట్ల బావా? ఇంగో ట్రాలీ కాయ తోటలో ఉండాదే. ఇంజిను ఊడబీకి తీసుకొని పోయినాను."

"అదే మరి. పోయినావు గదా. రూలు రూలే."

అవతల ఇంజిను ఆపిన చప్పుడు వినిపించింది. తర్వాత చాలా మెల్లగా అన్నాడు. "నేను పోయినాను బావా. కాయ యాడికీ పోలేదు. ఆడే ఉండాది."

ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ని. ట్రాలీ అంచు మీద కూర్చుని కాళ్లు ఊపుకుంటూ ఎన్నిసార్లు ఆ వరసల్లో ఉన్నానో. ఫ్యాక్టరీ ముందు వరసలో నిలబడేది ట్రాక్టరు కాదు, ట్రాలీ. కాయ నింపిన ట్రాలీని తెచ్చి వరసలో పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం వేసి, ఇంజిను ఊడదీసి మనిషి పోతాడు. ఇంకో ట్రాలీ నింపుకురావాలి, లేదా పక్క తోటవాడి కాయ లాగిపెట్టాలి. వరస ముందుకు జరిగితే ఆ దగ్గర ఎవరి ఇంజిను ఉంటే అది అన్నిటినీ ఒక్కొక్కటిగా లాగుతుంది. ఇదంతా నాకు తెలుసు. ప్రోగ్రాము రాసేటప్పుడు మాత్రం "బండి" అని రాసుకున్నాను, బండి అంటే ఇంజిను అనుకున్నాను, ఇంజిను అంటే డ్రైవరు జేబులో ఫోను అనుకున్నాను. ఏసీ గదిలో కూర్చుంటే లోకం అంత నున్నగా కనిపిస్తుంది. నేను పట్టుకున్న దొంగలందరూ రెండో ట్రాలీ తేవడానికి పోయిన రైతులు.

మీటింగు మధ్యలోంచి లేచాను. స్కూటర్ తీశాను. చార్జి నలభై ఒకటి. బంగారుపాళ్యం దాకా హైవే మీద లారీలు నన్ను దాటిపోతుంటే ఆ గాలికి నేను, స్కూటర్, నా అభిప్రాయాలు అన్నీ పక్కకు కొట్టుకుపోతున్నాం. వేగం పెంచితే అంకె పడుతుంది, తగ్గిస్తే కాయ కుళ్లుతుంది. ఏది చేసినా తప్పే. ఒక ఎద్దులబండి నన్ను దాటిపోయిందని కూడా చెప్పగలను. మీరు తరుగు తీసుకుంటారు కనుక చెప్పేస్తున్నాను.

ఫ్యాక్టరీ దగ్గరకు చేరేసరికి అంకె తొమ్మిది. వరస ఈ చివర గేటు దగ్గర, ఆ చివర కర్ణాటకలో ఉన్నట్లు తోచింది. ఎండలో తోతాపురి వాసన మొదట నోరూరిస్తుంది, తర్వాత కళ్లు తిప్పుతుంది. గేటులో సిబ్బంది నా ప్రోగ్రాము చెప్పినట్లే చేశారు, పాపం. టోకెన్ రద్దయిన ట్రాలీలను వరసలోంచి లాగి రోడ్డు మార్జిన్‌లో పెట్టేశారు. వాటి చోట్లు మూసుకుపోయాయి. ఆ పక్కకు పెట్టినవాటిలో ముందుది మా బామ్మర్దిది, నీలం ట్రాలీ. మీద మామిడి కొమ్మలు కప్పి ఉన్నాయి.

బామ్మర్ది దాని పక్కనే ఉన్నాడు, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కోపం లేదు. అది ఇంకా ఇబ్బంది. పైనుంచి ఒక కాయ తీసి నా చేతిలో పెట్టాడు.

"నొక్కు బావా."

నొక్కాను. బొటనవేలు లోపలికి దిగింది.

"మొన్న కోసింది. ఈ పొద్దు లోపలికి పోయిందా, సరి. మళ్లా తోక నుంచి రావాలంటే ఇంగా మూడు దినాలు. అప్పుడు ఫ్యాక్టరీకి గాదు, గుంతకు తోలాల్సిందే." రెండు ట్రాలీలనూ వేలుతో చూపించాడు. ఒకటి ఇక్కడ, ఒకటి ఇంజిను వెనక. "ఏడాదికి ఈ రెండే నా తోట."

ఇంతలో నన్ను గుర్తుపట్టేశారు. "కంప్యూటర్ సామి వచ్చినాడప్పా!" అని ఒకాయన కేక పెట్టాడు. చుట్టూ చేరారు. "మా టోకెన్లు యాడికి పోయినాయి సామీ, బెంగుళూరికా?" "ఆ స్కూటర్ గూడా లైన్లో పెట్టుకో, సాయంత్రానికి దానికీ నంబరొస్తాది." టీకొట్టు ఆమె ఒక్కతే దయ చూపించింది. స్కూటర్ వైరు తన గోడకు తగిలించి, "అది కరెంటు తాగతాది, నువ్వు టీ తాగు నాయనా. ఇద్దురూ వాడిపోయినారు," అంది.

గేటు కాపలా ఆయన స్టూలు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. నా ప్రోగ్రాము రాకముందు వరస నడిపింది ఆయనే. ట్రాలీ వచ్చి నిలబడగానే వెనక పలక మీద సుద్దముక్కతో అంకె వేసేవాడు. నేను వచ్చాక ఆయనకు ఫోను ఇచ్చి సుద్ద మానిపించారు. ప్రోగ్రాము రాసేముందు మేనేజరుతో రెండు పూటలు మాట్లాడాను. ఈయనతో రెండు నిమిషాలు మాట్లాడలేదు.

"అన్నా, మీరైనా ఒక మాట చెప్పకపోతిరి," అన్నాను.

"మీరు అడిగితిరా సార్?" అన్నాడు. తర్వాత ఫోను తిప్పి తిప్పి చూస్తూ, "మీరు ఇంజినుకు నంబరు ఇచ్చినారు. ఇంజిను కాయ కాయదు గదా. మేము కాయకు ఇస్తా ఉంటిమి," అన్నాడు.

చుట్టూ చేరిన ముప్పై మందీ నవ్వారు. నేను కూడా నవ్వి ఉండవలసింది. కాళ్లు నిలవక వరస పొడుగునా అటు నడిచాను, ఇటు నడిచాను. నడుస్తుంటే మా ఆవిడ ఫోను.

"మా తమ్ముడి పేరు పైన పెట్టను నీ చేతనయితాదా, కాదా?"

"అయితాది."

"పెట్టు మరి."

"పెట్టకూడదు. అందరి ముందర చెప్పినాను, కంప్యూటర్‌కు బంధువులు ఉండరని."

"కంప్యూటర్‌కు లేరులే. నీకు ఉండారు గదా?"

ఫోను పెట్టేసింది.

ఫోను తీశాను. నాకు మాత్రమే తెరుచుకునే పట్టిక ఉంటుంది, అది తెరిచాను. ఒక్క అంకె మారిస్తే చాలు, నీలం ట్రాలీ గేటు ముందుంటుంది. ఎవరికీ తెలియదు. తెలిసినా "తోసుకో సామీ, ఎవురు వద్దంటారు" అనేవాళ్లే వెనక ఉన్నారు. ఆ ఎండలో, ఆ వాసనలో, నా వేలు అంకె మీద ఆగింది. హైవే మీద లారీలు ఆగాయి. ఈగలు ఆగాయి. నేను గాఢంగా గాలి పీల్చి, పట్టిక మూసి, ఫోను జేబులో వేసుకున్నాను. పక్కన హరికథ బృందం ఉండి ఉంటే తాళం వేసేవాళ్లు.

తర్వాత ఒక ట్రాలీ కొక్కెం మీదికెక్కి అందరికీ వినపడేటట్లు చెప్పాను. నిబంధన తప్పు, రాసింది నేను, ఈ పూటతో తీసేస్తున్నాను. మేనేజరుకు ఫోను చేసి అదే చెప్పాను. కాపలా ఆయన దగ్గరకు పోయి, "అన్నా, సుద్ద ఉందా?" అని అడిగాను. ఆయన చొక్కా జేబులోంచి తీశాడు. మానిపించి మూడు రోజులైనా జేబులోనే పెట్టుకున్నాడు!

చిక్కంతా పక్కకు లాగిన ట్రాలీల దగ్గర వచ్చింది. ఏది ఎక్కడ ఉండేదో ఎట్లా తేల్చేది? నా పట్టికలో అవి లేనే లేవు, రద్దు కాగానే చెరిపెయ్యమని నేనే రాశాను. కాపలా ఆయన ఏమాత్రం కంగారు పడలేదు. నీలం ట్రాలీ ముందు నిలబడి వరస వైపు తిరిగి అరిచాడు. "ఈ నీలంది ఎవురి ముందర ఉండె?"

తలపాగా చుట్టుకున్న ఒకాయన లేచాడు. నీలం ట్రాలీ పోవడంతో ఒక చోటు ముందుకు వచ్చినవాడు. నోరు మూసుకుంటే ఆ చోటు ఆయనదే. "నా ముందర ఉండె అబ్బా," అన్నాడు. "మూడు దినాలుగా దాని వెనక పలకనే సూస్తా ఉండా. ఆ సొట్ట, ఆ తుప్పు, నా పెండ్లాం మొగం కన్నా బాగా గుర్తుండాది." అని తన ట్రాలీ చక్రాల కింద రాళ్లు తీశాడు, వెనక్కి జరపడానికి.

ఒక్కొక్క ట్రాలీకీ అట్లాగే వెనకవాడు లేచాడు. మనుషులు తప్పించుకునే దారులన్నీ ఊహించి మూసినవాణ్ని, ఇది ఊహించలేదు. వరసలో నిలబడ్డ మనిషి వేరే పని లేక ముందువాడి పలకనే చూస్తుంటాడు. అంతకంటే గట్టి లెక్క ఏ పట్టికలోనూ లేదు. కాపలా ఆయన అంకెలు వేసుకుంటూ పోయాడు, నేను వెనకే ఒక్కొక్కటీ ఫోనులో ఫోటో తీసుకుంటూ పోయాను. ఇద్దరు మాటపట్టింపుకు దిగితే మిగతావాళ్లే తీర్పు చెప్పారు. గంటలో అయిపోయింది. నా ప్రోగ్రాము రాయడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

పొద్దు వాలేముందు నీలం ట్రాలీ కాటా ఎక్కింది. అడుగున ఉన్న కాయ మెత్తబడి రసం కారుతోంది. తరుగు మామూలు కంటే ఎక్కువే తీశారు. బామ్మర్ది కాటా అంకె చూస్తూ నిలబడ్డాడు. రెండో ట్రాలీ తోకలో నిలబడినా, వరస చురుగ్గా కదలడంతో మర్నాడే లోపలికి పోయింది, అది గట్టిగానే ఉంది. ఆ తర్వాత ప్రోగ్రాము మార్చాను. ఇప్పుడు టోకెన్ ట్రాలీకి. వెనక పలక మీద సుద్ద అంకె, దానికి ఒక ఫోటో. ఇంజిను ఎక్కడికి పోయినా ఎవరూ అడగరు. టోల్‌గేట్ల మీదా పెట్రోలు మీదా నా అభిప్రాయాలు అట్లాగే ఉన్నాయి గానీ, చెప్పేముందు గేటు దగ్గర స్టూలు మీద ఎవరైనా ఉన్నారా అని చూసుకుంటున్నాను.

ఇక నేను చెబుతానన్న చోటు. ఎద్దులబండి, కర్ణాటక దాకా వరస, ఆగిపోయిన ఈగలు, ఇవన్నీ మీరే తరుగు తీసేసి ఉంటారు. అవి పెంచినవి. అల్లింది ఒకటే. నేను ఫోను జేబులో వేసుకోలేదు.

అంకె మార్చాను. టీకొట్టు వెనక, స్కూటర్ పక్కన నిలబడి, రెప్పపాటులో మార్చేశాను. రోడ్డవతల బామ్మర్ది ఫోను మోగింది. చూసుకున్నాడు. రోడ్డు దాటి వచ్చాడు.

"ఇది నువ్వు జేసినావా బావా?"

"ప్రోగ్రామే సరిచేసుకొనింటాది," అన్నాను.

"నా ఎనక తలపాగాయన ఉండాడు. మూడు దినాలుగా ఒక బీడీ ఇద్దరం తాగినాము. ఈ నంబరుతో గేటు దాటితే రేపు ఆయన మొగం ఎట్ల సూసేది? తీసెయ్."

"కాయ పోతాది," అన్నాను.

"కాయ నాది. తీసెయ్."

తీసేశాను. నేను వేరే ఏదో చెప్పబోతుంటే, "పొయ్యి ఆ పెద్దాయన్ని సుద్ద అడుగు. జేబులోనే పెట్టుకొని ఉంటాడు," అన్నాడు. కొక్కెం మీదికెక్కి మాట్లాడినవాణ్ని నేనే, అది నిజం. ఎక్కమని చెయ్యి పట్టి లేపింది మా బామ్మర్ది.

మా ఆవిడకు ఇప్పటిదాకా జేబు కథే చెప్పాను. ఆమె తరుగు తీసింది గానీ సరైన చోట తీయలేదు. ఇది అచ్చయితే ముందు ఆమె చదువుతుంది, తమ్ముడికి ఫోను చేస్తుంది. ఆ రోజు నేను ఇంట్లో ఉండను. స్కూటర్ నిండా చార్జి పెట్టుకుని ఉంచాను.